మండల ఆఫీసు వాళ్లు "మీ అభిప్రాయం చెప్పండి" అని పిలిచారు. వెళ్లాలా? వెళ్తే ఏం అడగాలి?

మూడుచక్రాలు | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప రాసింది తక్కువ. నాది గోదావరి జిల్లాల్లో ఒక పల్లెటూరు. పోలియో, రెండు కాళ్లూ లేవవు, సదరం (వైకల్య శాతం తేల్చే) సర్టిఫికెట్లో 82 శాతం. మా గ్రామ సచివాలయం ఎదురుగానే చిన్న జిరాక్స్ షాపు నడుపుతున్నా.

ఇవాళ మా వెల్ఫేర్ అసిస్టెంట్ అమ్మాయి షాపుకొచ్చి, "బాబాయ్, వచ్చే సోమవారం ఎంపీడీవో ఆఫీసులో దివ్యాంగులతో మీటింగు. పెన్షన్లు, సదరం, బిల్డింగుల్లో వసతులు, వీటి మీద మీరేం అనుకుంటున్నారో చెప్పాలంట. ఊరికొకరు. మన ఊరికి మీ పేరు రాశా" అంది. రాశాక అడిగింది, అదే సంతోషం.

నా అనుమానం ఏంటంటే, పోయిన డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవానికి కూడా ఇలాగే పిలిచారు. మ్యూజికల్ చైర్స్ పెట్టారు. "నా కుర్చీ నేనే తెచ్చుకున్నా, గెలిచినట్టేగా" అన్నా. ఒక్కరూ నవ్వలేదు. స్టీలు డబ్బా ఇచ్చి, ఫొటో తీసి పంపించారు. ఇది కూడా అలాంటిదే అయితే షాపు మూసుకుని, ఆటోకి రానూ పోనూ 600 పెట్టుకుని వెళ్లడం దండగ.

చెప్పాల్సింది మాత్రం బోలెడుంది. మా సచివాలయం ర్యాంపే తీసుకోండి. మెట్లు మూడు, ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర ఎత్తు. దానికి కట్టిన ర్యాంపు పొడవు ఐదడుగులు. టేపు పెట్టి నేనే కొలిచా. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవన్న లెక్క ప్రకారం 18 అడుగులు ఉండాలి. పైగా నున్నటి గ్రానైటు పరిచారు. వాన పడితే దాని మీద కుక్కలు కూడా జారతాయి. ఇప్పుడైతే రెండు మోటార్ సైకిళ్లకి అది స్టాండు. నేను పనుంటే కింద నుంచి కేకేస్తా, వాళ్లే బయటికొస్తారు. నాలుగేళ్లుగా ఇదే తంతు. కట్టేముందు ఎదురు షాపులో ఉన్న నన్ను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

వెళ్లమంటారా?

---

గోడమీదపిల్లి | మంగళవారం, రాత్రి 9:40

వెళ్లొద్దు బ్రదర్. మినిట్స్ ఈపాటికే టైపు చేసి ఉంటారు. "దివ్యాంగులతో చర్చించి నిర్ణయం తీసుకోవడమైనది" అన్న వాక్యం కింద మీ సంతకం కావాలి, అంతే. నేను మూడుసార్లు పెట్టొచ్చా. మూడోసారి సమోసా కూడా ఇవ్వలేదు.

---

సెక్షన్‌నంబర్లు | మంగళవారం, రాత్రి 10:25

పిల్లిగారి విసుగు అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. ముందు ఒక సంగతి. మనల్ని పిలవడం వాళ్ల దయేమీ కాదు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007 అక్టోబర్‌లో ఆమోదించింది. అందులో 4వ అధికరణం 3వ క్లాజు ఏం చెప్తుందంటే, వికలాంగులకు సంబంధించిన చట్టాలూ విధానాలూ చేసేటప్పుడు వాళ్లను, వాళ్ల సంఘాలను దగ్గరగా సంప్రదించాలి, పిల్లల్ని కూడా కలుపుకుని.

దాన్ని పట్టుకునే 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 66 ప్రకారం ప్రతి రాష్ట్రంలో సలహా బోర్డు ఉండాలి. సంఘాల తరఫున పదిమందిని వేయాలి, వీలైనంత వరకు వాళ్లు వికలాంగులే అయ్యుండాలి, అందులో కనీసం ఐదుగురు ఆడవాళ్లు. ఆర్నెల్లకు ఒక్కసారైనా బోర్డు కూర్చోవాలి. సెక్షన్ 72లో జిల్లా కమిటీలున్నాయి. సెక్షన్ 48 గురించి ఎవరూ మాట్లాడరు. వికలాంగులున్న అన్ని సాధారణ పథకాలకూ సోషల్ ఆడిట్ చేయాలని అందులో ఉంది. సోషల్ ఆడిట్ అంటే మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. ఉపాధి హామీలో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) ఊరి మధ్యలో చదివి వినిపించడం దేశానికి నేర్పిన రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. అదే పద్ధతిలో సచివాలయం ర్యాంపు కొలత గ్రామసభలో ఎందుకు చదవకూడదు?

వెళ్లండి. ఈ సెక్షన్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి.

---

మూడుచక్రాలు | మంగళవారం, రాత్రి 10:41

సార్, మీరు చెప్పింది బాగుంది కానీ నన్ను పిలిచిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. సెక్షన్ 66 అంటే "బాబాయ్ నామీద కేసేస్తున్నాడు" అని టెన్షన్ పడుతుంది.

---

గూటిపక్షి | బుధవారం, ఉదయం 6:05

ఆ పాతికేళ్ల అమ్మాయి లాంటిదాన్నే నేనూ. వేరే జిల్లా, వేరే సచివాలయం. పేరు చెప్పను, అర్థం చేసుకోండి.

ఒకటో తారీకు తెల్లవారకముందే పెన్షన్ డబ్బులు పట్టుకుని గడపగడపకీ తిరుగుతాం. ఆరువేలు చేతిలో పెట్టినప్పుడు దీవిస్తారు. మంచం మీద నుంచి కదలలేని వాళ్లకి పదిహేను వేలు ఇచ్చినప్పుడు ఏడుస్తారు. అదే చేత్తో తర్వాత, వైకల్యం మళ్లీ పరీక్షించే రీవెరిఫికేషన్ నోటీసు కూడా నేనే ఇచ్చా. ఆ రోజు తిట్టించుకున్నదీ నేనే. నోటీసు రాసింది నేను కాదు, ఏ డేటుకి ఏ ఆసుపత్రికి వెళ్లాలో నిర్ణయించింది నేను కాదు. ఒక పెద్దాయన మంచంలో ఉన్నాడు, డెబ్బై కిలోమీటర్లు రమ్మని రాశారు. ఇదెలా కుదురుతుందని నన్ను ఒక్క మాట ఎవరూ అడగలేదు. మిమ్మల్నే కాదు, మమ్మల్నీ అడగరు.

సరే, మీటింగు సంగతి. బాబాయ్, ఏది ఎవరి చేతిలో ఉందో చూసుకుని అడగండి. పెన్షన్ పెంచమని ఎంపీడీవో గారిని అడిగితే ఆయన తలూపుతారు, అరగంట పోతుంది. ర్యాంపు, రెయిలింగు, టాయిలెట్ తలుపు పంచాయతీ నిధుల్లో అయిపోయే పనులు, అవి గట్టిగా అడగండి. సదరం స్లాట్లు, క్యాంపు ఎక్కడ పెట్టాలి అన్నది జిల్లా స్థాయి, రాసి పైకి పంపమనండి. శాతం ఎలా లెక్కేస్తారన్నది ఇంకా పైన. మీరు చెప్పింది నోటితో వదిలేయకండి, రెండు కాపీలు రాసుకెళ్లి ఒకదాని మీద రసీదు ముద్ర వేయించుకోండి. ముద్ర పడిన కాగితం ఫైల్లోకి వెళ్తుంది. నోటి మాట టీతో పాటు అయిపోతుంది.

---

తెల్లకర్ర | బుధవారం, ఉదయం 11:30

ఫోన్లో స్క్రీన్ రీడర్‌తో రాస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

పుట్టుకతోనే చూపు లేదు. ఆ మధ్య ఒక పథకానికి ఈ-కేవైసీ చేయాలన్నారు. యాప్ "ముఖాన్ని వృత్తంలో పెట్టండి" అంది. వృత్తం ఎక్కడుంది? "కళ్లు ఆర్పండి" అంది. నా కనుగుడ్డు ఒకటి పూర్తిగా తెల్లగా ఉంటుంది, ఆర్పినా దానికి తెలియదు. పదకొండుసార్లు ప్రయత్నించాక "లైవ్ వ్యక్తి గుర్తించబడలేదు" అని వచ్చింది. మా ఆవిడ "పోనీలెండి, ఇంట్లోనైతే గుర్తుపడుతున్నాంగా" అంది.

నవ్వుకున్నాం కానీ ఇదే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న తీర్పొచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. రెప్ప ఆర్పడం ఒక్కటే కాకుండా మనిషి బతికే ఉన్నాడని తేల్చే వేరే దారులూ ఉండాలంది. యాప్ తయారుచేసేటప్పుడే వికలాంగులతో పరీక్షించి చూడమంది.

ఆ ఆఖరి ముక్క కోసమే ఇదంతా రాశా. విడుదల చేసే ముందు నాలాంటి ఇద్దరి చేతికి ఆ యాప్ ఇచ్చుంటే పది నిమిషాల్లో చెప్పేవాళ్లం. విడుదలయ్యాక చెప్పడానికి ఫిర్యాదు పేజీకి వెళ్లా. అక్కడ క్యాప్చా, బొమ్మలో అక్షరాలు చదివి టైపు చేయాలట.

---

విజయనగరం_వాసు | బుధవారం, మధ్యాహ్నం 1:15

దివ్యాంగులందరూ ఐకమత్యంగా ఉంటే సాధించలేనిది లేదు. జై దివ్యాంగ శక్తి 🙏

---

గోడమీదపిల్లి | బుధవారం, మధ్యాహ్నం 1:22

నాలో దివ్యమైంది ఏమీ లేదండీ. ఒక కాలు పొట్టి, అంతే.

---

విజయనగరం_వాసు | బుధవారం, మధ్యాహ్నం 1:30

గౌరవంగా పిలిస్తే తప్పేంటి? వికలాంగుడు అంటే వినడానికి బాగుందా? నాకైతే చిన్నప్పుడు "కుంటోడు" అన్న పిలుపు కన్నా ఇదే హాయిగా ఉంది.

---

తెల్లకర్ర | బుధవారం, మధ్యాహ్నం 2:02

వాసు గారూ, మీకు నచ్చితే వాడుకోండి, ఎవరూ కాదనరు. ప్రధాని 2015 డిసెంబర్‌లో రేడియోలో ఆ మాట సూచించారు, తర్వాత కేంద్ర శాఖ హిందీ పేరే మారిపోయింది. ఇక్కడ మన ఆంధ్రాలో శాఖ బోర్డు మీద "విభిన్న ప్రతిభావంతులు" అని ఉంటుంది. తెలుగులో మాకిన్ని పేర్లు పెట్టారు కానీ మీకేది ఇష్టమని ఒక పోస్టుకార్డు కూడా రాలేదు. పేరుకే అడగని వాళ్లు పథకానికి అడుగుతారా?

---

అడ్మిన్ | బుధవారం, మధ్యాహ్నం 2:10

పేర్ల గొడవకి పాత థ్రెడ్ ఉంది, 340 పోస్టులు, ఇంకా తేలలేదు. ఇక్కడ మీటింగు గురించి మాట్లాడండి.

---

నిశ్శబ్దం | బుధవారం, సాయంత్రం 5:48

నేను చెవిటి. నా మొదటి భాష సైగ భాష. తెలుగు రెండో భాష. నా వాక్యాలు చిన్నవి. క్షమించాలి.

నన్ను కూడా ఒకసారి మీటింగుకి పిలిచారు. అనువాదం చేసే మనిషి లేదు. "మీ అన్నని తెచ్చుకో" అన్నారు. అన్న వచ్చాడు. అధికారి నన్ను ప్రశ్న అడిగాడు. అన్న జవాబు చెప్పాడు. పది నిమిషాలు చెప్పాడు. అందరూ తల ఊపారు. నేను అన్నని అడిగాను, ఏం చెప్పావు? అన్న అన్నాడు, "ఏం లేదు, తర్వాత చెప్తా".

ఇప్పటికి రెండేళ్లు. ఇంకా చెప్పలేదు.

ఇంకో విషయం. సమస్య ఉంటే టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేయండి అని బోర్డు ఉంది. నేను ఫోన్ ఎలా చేయాలి? వాట్సాప్ పెట్టండి. వీడియో కాల్ పెట్టండి. సైగలు తెలిసిన ఒక మనిషి చాలు, జిల్లా మొత్తానికి.

మూడుచక్రాలు గారు, మీ మండలంలో చెవిటివాళ్లు ఎవరు? వాళ్లని పిలిచారా? అడగండి.

---

మూడుచక్రాలు | బుధవారం, సాయంత్రం 6:20

తమ్ముడూ, మీ వాక్యాలు చిన్నవి కావు. మా ఊళ్లో ఇద్దరున్నారు. ఒకడు నా షాపుకి రోజూ వస్తాడు, సైగలతో జిరాక్స్ ఎన్ని కాపీలో చెప్తాడు. వాణ్ణి పిలవాలని నాకే తట్టలేదు. సిగ్గుగా ఉంది.

---

చింటూఅమ్మ | బుధవారం, రాత్రి 8:55

నిశ్శబ్దం బాబూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. నేనూ ఆ అన్న లాంటిదాన్నే మరి. మా చింటూకి 22 ఏళ్లు, ఆటిజం, మాటలు రావు. నేను మాట్లాడకపోతే వాడి తరఫున మాట్లాడేవాళ్లు ఈ భూమ్మీద లేరు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ కాగితాలు, నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్సు, సదరం, అన్నీ నేనే తిరిగా. సదరం క్యాంపులో ఐదు గంటలు నించున్నాం. ఫ్యాన్ చప్పుడుకి వాడు చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటుంటే, లైన్లో వాళ్లు "లోపలికి పంపండమ్మా ముందు" అన్నారు. గుమ్మం దగ్గర మనిషి మాత్రం టోకెన్ ప్రకారమే అన్నాడు. ఆ క్యాంపు పెట్టేముందు ఒక్క తల్లిని అడిగినా చెప్పేది, చీకటి గది ఒకటి వదలండి, పిల్లలకి వేరే టైము ఇవ్వండి అని. దానికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి తల్లిదండ్రుల్ని పక్కకి నెట్టేసి "వికలాంగులే మాట్లాడాలి" అంటే మాబోటి వాళ్లు ఎక్కడికి పోవాలి?

---

తెల్లకర్ర | బుధవారం, రాత్రి 9:20

అమ్మా, మిమ్మల్ని నెట్టేయమని ఎవరూ అనలేదు. కానీ అడుగుతున్నా, కోపం వద్దు. చింటూ బాబుకి ఏది ఇష్టమో ఎప్పుడైనా వాడి ద్వారానే తెలిసిందా?

---

చింటూఅమ్మ | బుధవారం, రాత్రి 9:58

తెలిసింది. ఒకసారి. కోపమేం లేదు, చెప్తా.

వాడు వెళ్లే డే సెంటర్‌కి రెండేళ్ల క్రితం కొత్త టీచరమ్మ వచ్చింది. అంతకుముందు ఉదయం వెళ్లనని రోజూ గొడవే, మేం బద్ధకం అనుకున్నాం. ఆవిడ సెంటర్లో ఒక్కో వస్తువునీ, ఒక్కో పనినీ ఫొటో తీసి అట్టముక్కలకి అంటించింది. నచ్చినవి ఎర్ర బుట్టలో, నచ్చనివి నీలం బుట్టలో వేయడం నేర్పింది. ఇరవై రోజులు పట్టింది. వీడు అన్నీ ఎర్ర బుట్టలో వేశాడు, పూసలు గుచ్చడం, అన్నం, ఉయ్యాల. ఒకే ఒక్క ఫొటో నీలం బుట్టలో వేసి, బుట్టని గది బయట పెట్టొచ్చాడు. ఆ ఫొటో గంటది. పీరియడ్ మారినప్పుడల్లా కొట్టే ఇనుప గంట. గంట తీసేసి లైటు ఆర్పి వెలిగించడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆటో రాకముందే చెప్పులేసుకుని నించుంటున్నాడు.

నాకు ఇరవయ్యేళ్లుగా తెలుసనుకున్నా వాడి సంగతి. గంట అని నాకు తట్టలేదు.

---

బర్మింగ్‌హామ్_బావ | గురువారం, తెల్లవారుజామున 3:10

మా పాపకీ ఆటిజమే. ఇక్కడ ఇంగ్లండ్‌లో 2014 చట్టం ప్రకారం స్కూలు సాయం కోసం ఒక ప్లాన్ రాస్తారు. అందులో మొదటి భాగమే పిల్ల ఏమనుకుంటోంది, తల్లిదండ్రులేమనుకుంటున్నారు అని, రెండూ విడివిడిగా. మా పాప బొమ్మ గీసిస్తే అదే అంటించారు. అలాగని స్వర్గమేం కాదు, ఆ ప్లాన్ రావడానికి నెలలు నెలలు ఈమెయిళ్లు, అప్పీళ్లు. అడగడం బానే అడుగుతారు, బడ్జెట్ దగ్గరికొచ్చేసరికి గొంతు మారుతుంది.

ఒక్కటి మాత్రం నేర్చుకోదగ్గది. ఇక్కడ ఆసుపత్రులూ కౌన్సిళ్లూ ఇలాంటి మీటింగులకి పిలిస్తే చాలాచోట్ల దారి ఖర్చు ఇస్తారు, కొన్నిచోట్ల మన టైముకి కూడా డబ్బులిస్తారు. మూడుచక్రాలు గారూ, ఆ ఆటో 600 మీరెందుకు పెట్టుకోవాలి? మీటింగులో మిగతా అందరూ జీతం మీదే కూర్చుంటారుగా.

---

గోడమీదపిల్లి | గురువారం, ఉదయం 8:00

లండన్ కబుర్లు బానే ఉన్నాయి కానీ, ఆ ఆఖరి వాక్యం ప్రింటు తీసి గోడకి అంటిస్తా.

---

మూసీఒడ్డు | గురువారం, ఉదయం 10:44

నేను నల్గొండ దిక్కు. మీరంత మీటింగుల గురించి మాట్లాడుతున్నరు, నేను కొంచెం వేరే మాట చెప్త. పింఛను 200 ఉన్నప్పుడు ఎవ్వడు మీటింగు పెట్టి పెంచలే. వికలాంగుల హక్కుల పోరాట సమితి అని, ఊరూరా మూడుచక్రాల బండ్లేసుకొని రోడ్లెక్కినం. అట్ల 500 అయింది. తెలంగాణ వచ్చినంక 2014ల 1500, తర్వాత 3016, 2023ల 4016. ప్రతి పెంపు ఎనకాల ధర్నా ఉన్నది, ఎలక్షన్ ఉన్నది. ఏసీ గదిల కూసోని చాయ్ తాగితే రాలే.

ఇంకోటి. 2023 డిసెంబర్‌ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ పెట్టిన్రు. మంచిదే, నా బిడ్డ కాలేజీకి పోతున్నది. కని మా సీట్లు రెండు ఉంటయి గద, ముందల. అవి బస్టాండులనే నిండుతయి. కర్ర పట్టుకొని నేను నిలబడాలె, కండక్టరు చూసి తల తిప్పుకుంటడు, ఆమె ఎవర్ని లేపుతది పాపం. పథకం పెట్టే ముందు మా సీటు సంగతేందని ఒక్కసారి అడిగితే, స్టార్టింగ్ పాయింట్ల మమ్మల్ని ముందు ఎక్కియ్యుండ్రి అని చెప్తుంటిమి.

---

సెక్షన్‌నంబర్లు | గురువారం, మధ్యాహ్నం 12:15

మూసీఒడ్డు అన్నా, మీ రెండో పేరాయే మీ మొదటి పేరాకి జవాబు. రూపాయల లెక్క రోడ్డు మీద తేలుతుంది, ఒప్పుకుంటా. బస్సులో ముందు ఎవరు ఎక్కాలన్నది మాత్రం ధర్నాతో తేలదు, ఎవరో కూర్చుని రాయాలి.

కూర్చునే హక్కు కోసం పొరుగున ఏం చేశారో చూడండి. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చట్టాలు సవరించి, ప్రతి గ్రామ పంచాయతీలో ఒక వికలాంగుణ్ణి సభ్యుడిగా నామినేట్ చేసే దారి వేసింది. పట్టణాల్లో కూడా. అలాంటి సభ్యుడుంటే మన ర్యాంపు ప్లాను పంచాయతీ టేబుల్ మీదే ఆగేది. నామినేషన్ కాబట్టి పార్టీ వాళ్ల బావమరిది వస్తాడేమో అన్న భయం నాకూ ఉంది.

ర్యాంపుల మీద ఇంకోటి. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు "పాటిస్తే బాగుంటుంది" అన్నట్టు ఉంటే చాలదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు కోరితే నివేదిక రాసింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

---

వెలుగురోజులు | గురువారం, రాత్రి 7:30

నేను పాతకాలం మనిషిని. వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే పేదరిక నిర్మూలన పథకాల రోజుల్లో మా మండలంలో వికలాంగుల సంఘాలుండేవి, వాటి మీద మండల వికలాంగుల సమాఖ్య. పొదుపు సంఘాల్లాగే నెలకోసారి కూర్చునేవాళ్లం. మాకు అధికారులంటే భయం పోయింది అక్కడే.

ఒక సంగతి చెప్తా. అంతకుముందు ఒకసారి మూడుచక్రాల బండ్లు పంచారు. బండికి చేత్తో తిప్పే పెడల్ కుడివైపే ఉంది. మా సంఘంలో ఒకావిడకి ఎడమ కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఆవిడకీ అదే బండి. ఆవిడ సంతకం పెట్టి, ఫొటో దిగి, ఇంటికి తీసుకెళ్లి దాని మీద పిడకలు ఆరబెట్టుకుంది. పాడైందని కాదు, మొదటి రోజు నుంచీ అంతే. రికార్డులో మాత్రం లబ్ధిదారు.

మరుసటిసారి బండ్లొస్తున్నాయని తెలిసి మేమే నోటుబుక్కు తీసుకుని ఊళ్లు తిరిగాం. ఏ చెయ్యి పనిచేస్తుంది, ఇంటి గుమ్మం ఎంత వెడల్పు, ఇంటిముందు మట్టిరోడ్డా సిమెంటా, బండెక్కించే మనిషి ఇంట్లో ఉన్నారా. 43 మంది. అందులో 9 మంది "మాకు బండి వద్దు, చంకకర్రలు చాలు" అన్నారు. ఆ లిస్టు చూసి అప్పటి ఆఫీసరు గారు "ఇది మా పని కదమ్మా" అన్నారు. "అవునండీ, మీదే" అన్నాను. ఎడమవైపు పెడల్ బండ్లు నాలుగొచ్చాయి.

సమాఖ్యలు తర్వాత చాలాచోట్ల చల్లబడ్డాయి. నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది.

---

కొండగాలి | గురువారం, రాత్రి 9:05

పాడేరు వైపు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో మాదీ ఉంది, చాలామందికి తెలియదు. నొప్పి వచ్చిన రోజు చూస్తే నన్ను మోసుకెళ్లాలి. రాని రోజు డాక్టరు ముందుకెళ్తే, "బానే ఉన్నావుగా" అంటాడు. శాతం ఏ రోజుది వేస్తారు? ఇది కూడా రాసుకెళ్లండి అన్నా. కనిపించే వైకల్యం ఉన్నవాళ్లనే మీటింగులకి పిలుస్తారు, ఫొటోకి బాగుంటుందని.

---

మూడుచక్రాలు | ఆదివారం, రాత్రి 10:00

అందరివీ చదివా. కాగితం రాశా, రెండు కాపీలు (జిరాక్స్ షాపు ఉండటం ఇందుకు పనికొచ్చింది). ర్యాంపు కొలతలు, టాయిలెట్ తలుపు లోపలికి తెరుచుకోవడం, సదరం క్యాంపులో చీకటి గది, టోల్‌ఫ్రీకి వాట్సాప్, దారి ఖర్చు, శాతం విషయం. మా ఊరి చెవిటి కుర్రాణ్ణి కూడా తీసుకెళ్తున్నా. వాడికి విషయం అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది, వాడు ఒక మాట సైగ చేశాడు: "టిఫిన్ పెడతారా?"

---

మూడుచక్రాలు | సోమవారం, సాయంత్రం 7:15

వెళ్లొచ్చా. చెప్తా వినండి.

మీటింగు హాలు మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు.

అటెండర్లు ఇద్దరొచ్చి "ఎత్తుకెళ్తాం సార్, రెండు నిమిషాల పని" అన్నారు. ఇంతకుముందైతే ఎత్తించుకునేవాణ్ణి. ఈసారి ఎందుకో, మీ అందరి రాతలూ తలలో తిరుగుతున్నాయి. "నేను బియ్యం బస్తాని కాదు, మీటింగే కిందికి రమ్మనండి" అన్నా. గొంతు వణికింది, అబద్ధం చెప్పను. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగారు. అప్పటికే పైకి వెళ్లిన పక్క ఊరి ఆవిడ, చంకకర్రల మీద అంత కష్టపడి ఎక్కినావిడ, పైనుంచి తొంగిచూసి "నేనూ దిగుతున్నా" అంది. చివరికి జీపు షెడ్డులో జీపు బయటికి తీసి, అక్కడ కుర్చీలేశారు. ఎంపీడీవో గారు మొహం కొంచెం ముడుచుకున్నారు కానీ వచ్చి కూర్చున్నారు. కూర్చున్నాక మంచిగానే మాట్లాడారు, ఆ మాట కూడా చెప్పాలి.

సైగలు తెలిసిన మనిషి లేరు. పక్కనే ఉన్న భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి) నుంచి టీచరమ్మని పిలిపించారు, ఆవిడకి కొన్ని సైగలొచ్చు. మా కుర్రాడు చెప్పింది ఆవిడ చదివింది: రేషన్ షాపులో బియ్యం ఎప్పుడిస్తారో మైకులో చెప్తారు, నాకు వినపడదు, బోర్డు మీద రాయండి. ఇది నా కాగితంలో లేదు. పన్నెండేళ్లుగా వాడు నా షాపుకొస్తున్నాడు.

పెన్షన్ల దగ్గర అరగంట పోయింది, గూటిపక్షి చెప్పినట్టే. ఒకాయన లేచి ఏడ్చాడు, శాతం తగ్గిందని, అప్పీలు పెట్టుకున్నాడట. దానికి అక్కడెవరి దగ్గరా జవాబు లేదు. సదరం విషయాలు "జిల్లాకి రాస్తాం" అన్నారు. దారి ఖర్చుకి "ప్రొవిజన్ లేదు" అన్నారు. ఖాళీ కాగితం మీద సంతకాలు అడిగారు. పైన రాశాకే పెడతాం అన్నాం, రాశారు. నా కాపీ మీద ముద్ర వేశారు, కొంచెం వంకరగా పడింది.

ర్యాంపు మాత్రం తేలింది. ఇంజనీరింగ్ అసిస్టెంట్ అక్కడే ఉన్నాడు, కుర్రాడు. "సార్, స్థలం లేదు కదా, 18 అడుగులు ఎక్కడొస్తుంది" అన్నాడు. నేరుగా కాకుండా గోడ పక్కనుంచి మలుపు తిప్పితే వస్తుందని కాగితం వెనక గీసి చూపించా. మలుపు దగ్గర ఐదడుగులు చదునుగా ఉండాలని కూడా. గురువారం వచ్చి కొలుద్దామన్నాడు.

---

గోడమీదపిల్లి | సోమవారం, రాత్రి 7:32

జీపు షెడ్డు దాకా దించావా? నీకు నేను సమోసా బాకీ.

గురువారం రాడు. రాస్తున్నా చూడు.

---

గూటిపక్షి | సోమవారం, రాత్రి 8:10

వస్తాడు బాబాయ్. రాకపోతే ముద్ర పడిన కాపీ ఫొటో తీసి మండలం గ్రూపులో పెట్టండి. మీరే పెట్టండి, నా పేరు తేవద్దు.

---

నిశ్శబ్దం | సోమవారం, రాత్రి 8:45

బోర్డు మీద రాయండి. చాలా మంచి మాట. ఆ అబ్బాయికి నా నమస్కారం చెప్పండి. అతని దగ్గర వాట్సాప్ ఉందా? వీడియో కాల్ చేస్తాను.

---

వెలుగురోజులు | సోమవారం, రాత్రి 9:02

గురువారం ఆ ఇంజనీరు వచ్చినప్పుడు చంకకర్రల ఆవిణ్ణి కూడా పిలవండి. ర్యాంపు మీకు సరిపోతే ఆవిడకి సరిపోవాలని లేదు, కర్రల వాళ్లకి రెయిలింగు రెండు వైపులా కావాలి. టేపు ఎవరు తెస్తున్నారు?

---

మూడుచక్రాలు | సోమవారం, రాత్రి 9:10

నాదే అక్కా. వాళ్ల టేపు మూడు మీటర్లదే.

---

మూడుచక్రాలు | గురువారం, మధ్యాహ్నం 12:40

వచ్చాడు. కొలవడానికి ముందు రెండు మోటార్ సైకిళ్లు తీయించాల్సొచ్చింది. అందులో ఒకటి అతనిదే.